డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టే ముందు మీటర్ కేబుల్ ఎక్కడికి పోతోందో చూడండి



పోయిన వీడియోలో పత్తి కట్టెని ముక్కలు చేసి ఆచ్ఛాదనగా పరచడం చూపించాను కదా. కట్టె కంటే ఎక్కువమంది ట్రాక్టర్ గురించే అడిగారు. "అంత పాత మాసీకి ఆల్టర్నేటర్ ఎట్లా పెట్టారు, మీటర్ ఇంకా ఎట్లా పనిచేస్తోంది?" అని. ఈ రాత, పైనున్న వీడియో రెండూ దానికే జవాబు. వీడియోలో చేతులు కనపడతాయి, లెక్క కనపడదు. ఆ లెక్క తెలియక నేను ఒక సీజన్ పోగొట్టుకున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మా బండి మాసీ ఫెర్గూసన్ 35. మూడు సిలిండర్ల డీజిల్. మా నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. టాఫే కంపెనీ 1960లో మద్రాసులో మొదలైంది. ఆ తర్వాత మన దగ్గర ఈ మాసీ బళ్ళు ఎన్ని తిరిగాయో పెద్దవాళ్ళకి తెలుసు. మన పద్ధతి వ్యవసాయానికి ఇట్లాంటి బండి సరిపోతుంది. బరువు తక్కువ, కాబట్టి నేల అణిగిపోవడం తక్కువ. కంతులు కట్టే పని లేదు. పాతది కదా అని అమ్మేస్తే ఆ డబ్బుకి కొత్త బండి టైర్లు కూడా రావు.

దీని బలహీనత కరెంటు దగ్గర ఉంది. దీనికి వచ్చేది లూకాస్ రకం డైనమో. బాగా తిరిగినప్పుడు 20 ఆంపియర్ల చుట్టూ ఇస్తుంది. రేస్ తగ్గిస్తే ఇచ్చేది దాదాపు ఏమీ ఉండదు. మనం చేసే పనిలో సగం తక్కువ రేస్‌లోనే. సాళ్ళ మధ్య నిదానంగా పోవాలి, ఆగి ఆగి జీవామృతం పోయాలి. ఎకరానికి 200 లీటర్ల జీవామృతం పారించడానికి నేను 12 వోల్టుల చిన్న పంపు బండికే కట్టుకున్నాను. దానికి తోడు రాత్రి పనికి లైట్లు. సాయంత్రానికి బ్యాటరీ ఖాళీ. ఇంక బండిని వాలులో పెట్టి, పొద్దున్నే నలుగురిని పిలిచి తోయించడం. ఈ బాధ పడలేకే ఆల్టర్నేటర్‌కి మారాను. ఆల్టర్నేటర్ తక్కువ వేగంలోనే చార్జింగ్ అందుకుంటుంది. బ్రష్షులు ఎక్కువ కాలం వస్తాయి. పాత కటౌట్ పెట్టె పాయింట్లు గీకే పని కూడా ఉండదు.

ఇంతవరకూ ఏ ఎలక్ట్రీషియన్‌ని అడిగినా చెప్తాడు. చెప్పనిది ఇంకొకటి ఉంది. బానెట్ తీసి మీటర్ వెనక నుంచి కేబుల్‌ని చేత్తో తడుముకుంటూ కిందికి రండి. కొన్ని బళ్ళలో అది ఇంజన్ బాడీలోకి పోతుంది. అట్లాంటి బండికి ఆల్టర్నేటర్ మారిస్తే మీటర్‌కి ఏ సంబంధమూ లేదు, హాయిగా మార్చుకోండి. మా 35 లాంటి బళ్ళలో కేబుల్ డైనమో వెనక చివర ఉన్న చిన్న గేరు పెట్టెలోకి పోతుంది. అంటే మీటర్ ఇంజన్‌ని చూడట్లేదు. డైనమో ఎంత తిరుగుతోందో చూసి, దాన్ని బట్టి ఇంజన్ ఇంత తిరుగుతోందని చెప్తోంది. డైనమో తీసేసిన రోజు మీటర్ చచ్చిపోతుంది. లేదా బతికుండి అబద్ధం చెప్తుంది. చచ్చిపోయిన మీటర్ కంటే అబద్ధం చెప్పే మీటర్ ఎక్కువ నష్టం. అది నాకే జరిగింది.

నేను చేసిన తప్పు

వెనక చివర టాకో డ్రైవ్ ఉన్న ఆల్టర్నేటర్ ఒకటి వెతికి పట్టుకున్నాను. పాత డైనమో గేరు పెట్టె దానికి సరిగ్గా కూర్చుంది, కేబుల్ ఎక్కింది, మీటర్ ముల్లు లేచింది. అంతా బాగుందనుకున్నాను. మా ఊళ్ళో ఎలక్ట్రికల్ పని చేసే ఆయన్ని మేమంతా మామా అంటాం. ఆయన "చిన్న పుల్లీ వేస్తే బాగా తిరుగుద్ది అల్లుడూ, చార్జింగ్ ఇరగదీస్తది" అన్నాడు. చార్జింగ్ విషయంలో ఆయన మాట నిజమే. పాత డైనమో పుల్లీ 100 మిల్లీమీటర్లు, కొత్తది 75. ఇంజన్ ముందు పుల్లీ 150.

ఇప్పుడు లెక్క చూడండి. పాత పుల్లీతో ఇంజన్ ఒకసారి తిరిగితే డైనమో ఒకటిన్నర సార్లు తిరిగేది. మీటర్ కొలత అంతా ఆ ఒకటిన్నర మీదే. కొత్త పుల్లీతో ఇంజన్ ఒకసారి తిరిగితే ఆల్టర్నేటర్ రెండు సార్లు. మీటర్‌కి ఆ సంగతి తెలియదు. అది ఉన్నదానికంటే మూడోవంతు ఎక్కువ చూపిస్తుంది. ఇంజన్ 1125 తిరుగుతుంటే 1500 అంటుంది.

మా బండికి పీటీవో 540 రావాలంటే ఇంజన్ 1500 ఉండాలి. మీ బండికి వేరే ఉండొచ్చు, మీటర్ మీద పీటీవో గుర్తు గానీ బండి పుస్తకం గానీ చూడండి. నేను ప్రతిరోజూ ముల్లు 1500 మీద పెట్టి ష్రెడ్డర్ నడిపాను. ఇంజన్ నిజంగా తిరిగింది 1125. పీటీవో 405.

డిప్లొమాలో ఫార్మ్ మెషినరీ పేపర్ రాసి పాసైనవాడినే. కత్తి కొట్టే శక్తి వేగం వర్గం లెక్కన మారుతుందని అప్పుడు బట్టీ కూడా పట్టాను. వేగం ముప్పావుకి పడితే కొట్టే శక్తి సగం పైచిలుకు మాత్రమే, కచ్చితంగా చెప్పాలంటే నూటికి 56. పొలంలో అది ఎట్లా కనపడిందంటే, పత్తి కట్టె నలిగి పీచు పీచుగా వచ్చింది, లోపల చుట్టుకుని ఇరుక్కుంది. మా బాబాయ్ నిలబడి చూసి, "ఏరా అబ్బాయ్, నీ మిషన్ కట్టెని నముల్తోంది గానీ నరకట్లేదు" అన్నాడు. నేను కత్తులు రెండుసార్లు సాన పట్టించాను. బేరింగులు చూపించాను. ష్రెడ్డర్ అమ్మినవాళ్ళతో ఫోన్లో గొడవ కూడా పడ్డాను. పాపం, వాళ్ళ తప్పేం లేదు.

ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. ఐడిల్‌లో మీటర్ 850 దగ్గర చూపిస్తుంటే ఎక్కువైందని స్క్రూ తిప్పి తగ్గించాను. బండి వణకడం మొదలుపెట్టింది, చార్జింగ్ బల్బు వెలిగింది. అప్పుడైనా అనుమానం రావాలి కదా, రాలేదు. మీటర్ మీద అంత నమ్మకం.

అసలు నష్టం ఇది కాదు. మా పల్నాడు వైపు పత్తి అయిపోగానే కట్టె పీకి గట్టు మీద కాల్చేయడం అలవాటు. ఆ ఏడాది మా చుట్టుపక్కల ఆరుగురిని బతిమాలి, కాల్చొద్దు, నేనొచ్చి ముక్కలు చేసి మీ చేలోనే పరుస్తానని ఒప్పించాను. బాబాయ్ చేలో రెండెకరాలకి మూడు రోజులు పట్టింది. మిగతా ఐదుగురిలో ముగ్గురు ఎదురుచూసి ఎదురుచూసి అగ్గిపెట్టేశారు. వాళ్ళని ఏమనగలం? దుక్కి టైము ఆగదు. "సహజ వ్యవసాయం అంటే ఇట్లాగే నత్తనడక" అని ఊళ్ళో ఒక మాట పడిపోయింది. ఆ మాట తుడవడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

చివరికి విషయం బయటపడింది లేజర్ టాకోమీటర్‌తో. పక్క ఊరి రైస్‌మిల్లులో ఫిట్టర్ దగ్గర ఉంటే అడిగి తెచ్చుకున్నాను. పీటీవో షాఫ్ట్ మీద మెరిసే స్టిక్కర్ ముక్క అంటించి, ముల్లు 1500 మీద పెట్టి చూస్తే 405 అని వచ్చింది. తప్పు కొట్టానేమో అని మూడుసార్లు చూశాను.

మీటర్ నిలబెట్టుకునే దారులు

మొదటిది, నేను ఇప్పుడు వాడుతున్నది. టాకో డ్రైవ్ ఉన్న ఆల్టర్నేటర్, దాని మీద పాత డైనమో పుల్లీ అంతే సైజు పుల్లీ. పాత పుల్లీనే ఎక్కించవచ్చు గానీ షాఫ్ట్ లావు, చావీ గాడి కుదరాలి. నాకు కుదరలేదు. లేత్ మీద 100 మిల్లీమీటర్ల పుల్లీ చేయించాను. గాడి కోణం బెల్టుకి సరిపోయేలా, పుల్లీ ఊగకుండా చేయమని గట్టిగా చెప్పండి. ఎందుకంటే ఈ ఒక్క బెల్టే ఫ్యాన్‌ని, వాటర్ పంపుని కూడా తిప్పుతుంది. పుల్లీ పక్కకి జరిగి బెల్టు తెగితే కరెంటుతో పాటు ఇంజన్ చల్లదనం కూడా పోతుంది. మూడు పుల్లీలు ఒకే గీతలో ఉన్నాయా అని పొడుగాటి స్కేలు ఆనించి చూసుకోవాలి.

పెద్ద పుల్లీ వేస్తే చార్జింగ్ తగ్గదా అంటే, ఐడిల్‌లో తగ్గుతుంది. మా బండికి ఐడిల్‌లో బల్బు మసగ్గా వెలుగుతుంది, కొంచెం రేస్ ఇవ్వగానే ఆరిపోతుంది. పీటీవో పని చేసే 1500లో ఆల్టర్నేటర్ 2250 తిరుగుతుంది. నా పంపుకి, లైట్లకి అది చాలు. చార్జింగ్ ఇరగదీయడం నాకు అక్కర్లేదు, పొద్దున్నే సెల్ఫ్ కొడితే చాలు.

రెండోది, టాకో డ్రైవ్ ఉన్నది దొరకనివాళ్ళకి. మామూలు ఆల్టర్నేటర్ పెట్టి, పాత మీటర్ స్థానంలో కరెంటుతో నడిచే మీటర్ పెట్టుకోవడం. దీనికి ఆల్టర్నేటర్‌కి డబ్ల్యూ అనే టెర్మినల్ ఉండాలి. డీజిల్ బళ్ళ ఆల్టర్నేటర్లకి చాలావాటికి ఉంటుంది. పెట్రోలు కారు నుంచి పీకిన వాటికి సామాన్యంగా ఉండదు, ఎందుకంటే ఆ కార్లలో మీటర్ సిగ్నల్ ఇగ్నిషన్ నుంచి వస్తుంది. లేకపోతే వైండింగ్ షాపువాళ్ళు లోపల ఒక ఫేజు నుంచి, అంటే డయోడ్లకి ముందు, ఒక వైరు బయటికి తీసి ఇస్తారు. అదే డబ్ల్యూ.

డబ్ల్యూ నుంచి వచ్చేది తిరుగుడుని బట్టి కొట్టుకునే కరెంటు. 12 పోల్స్ ఉన్న రోటర్ ఒకసారి తిరిగితే 6 పల్సులు వస్తాయి. పుల్లీ లెక్క రెండు అయితే ఇంజన్ ఒక చుట్టుకి 12 పల్సులు, ఒకటిన్నర అయితే 9. మీటర్ వెనక ఉండే స్విచ్చుల్లోనో స్క్రూతోనో ఈ అంకెని సెట్ చేయాలి. ఈ దారిలో చిన్న పుల్లీ వేసుకున్నా ఇబ్బంది లేదు, మీటర్‌కి నిజం చెప్పేస్తాం కాబట్టి. ఇంజన్ 1500 దగ్గర, పుల్లీ రెండు లెక్కన, ఆల్టర్నేటర్ 3000 తిరుగుతుంది, సెకనుకి 50 చుట్లు, 300 పల్సులు. ఫ్రీక్వెన్సీ చూపించే మల్టీమీటర్ ఉంటే డబ్ల్యూ మీద పెట్టి 300 వస్తోందా అని చూసుకోవచ్చు.

పుల్లీ లెక్కని టేపుతో బయటి అంచు కొలిచి వేయొద్దు. బెల్టు గాడిలో లోపలికి కూర్చుంటుంది, తేడా వస్తుంది. లేజర్‌తో రెండు పుల్లీలనీ ఒకే రేస్‌లో కొలిచి భాగించండి, అదే అసలు లెక్క.

ఈ మీటర్‌కి ఒక గుణం ఉంది, చూసి కంగారు పడొద్దు. బండి స్టార్ట్ అవగానే ముల్లు సున్నా దగ్గరే ఉండొచ్చు. ఆల్టర్నేటర్ అందుకునేదాకా డబ్ల్యూలో సిగ్నల్ ఉండదు. ఒకసారి రేస్ ఇస్తే లేస్తుంది. ఇంకోటి, పని మధ్యలో ఇంజన్ శబ్దం మారకుండా ముల్లు మాత్రం పడిందంటే బెల్టు జారుతోందని అర్థం.

మీటర్ అసలు వద్దు, రేస్ లివర్ దగ్గర పెయింటుతో గీత పెట్టుకుంటాం అనేవాళ్ళూ ఉన్నారు. తప్పు లేదు, ఖర్చు లేని పని. కాకపోతే ఆ గీతని ఖాళీ బండి మీద పెట్టొద్దు. లోడు పడగానే ఇంజన్ కొంత కుంగుతుంది. మిషన్‌లో కట్టె వేస్తూ, పీటీవో 540 వచ్చేచోట గీత పెట్టండి. గంటల లెక్కన కిరాయికి పోయేవాళ్ళకి ఇది చాలదు. పాత మీటర్‌లో గంటల అంకెలు కూడా కేబుల్ తిప్పితేనే తిరుగుతాయి. అన్నట్టు చిన్న పుల్లీతో ఆ అంకెలు కూడా తప్పే. నిజమైన 1500లో మూడు గంటలు నడిపితే నాలుగు గంటలు చూపిస్తుంది. అవతలి రైతు దగ్గర ఆ నాలుగో గంట డబ్బు తీసుకుంటే అది దొంగతనమే, తెలియక చేసినా.

వైరింగులో చెయ్యి కాల్చుకోకుండా

అన్నిటికంటే ముందు బ్యాటరీలో ఏ కొస చాసిస్‌కి పోయిందో చూడండి. లూకాస్ డైనమోలతో వచ్చిన పాత బళ్ళకి ప్లస్ ఎర్త్ ఉండేది. మా బండికీ అంతే. ఆల్టర్నేటర్‌కి మైనస్ ఎర్త్ కావాలి. చూసుకోకుండా కలిపితే డయోడ్లు అక్కడికక్కడే కాలిపోతాయి, పొగ చూశాక చేసేదేం లేదు. బ్యాటరీ తిప్పి పెట్టి మైనస్‌ని చాసిస్‌కి ఇవ్వాలి. ప్లస్ పోస్టు లావు, మైనస్ పోస్టు సన్నం కాబట్టి క్లాంపులు మార్చుకోవాలి. సెల్ఫ్ మోటారు వెనక్కి తిరుగుతుందేమోనని మా నాన్న భయపడ్డాడు. తిరగదు. ఫీల్డు కాయిల్ ఉన్న మోటారులో రెండూ కలిసి మారతాయి కాబట్టి అదే దిక్కున తిరుగుతుంది. ఆంపియర్ మీటర్ మాత్రం తలకిందులుగా చూపిస్తుంది, దాని రెండు వైర్లు అటుదిటు చేయండి. ఎల్‌ఈడీ లైట్లు, చార్జింగ్ సాకెట్ ఏమైనా పెట్టుకుని ఉంటే వాటి వైర్లు కూడా.

తర్వాత కటౌట్ పెట్టె పని అయిపోయింది. దాన్ని బండి మీద ఉంచినా వైర్లు దానికి కలవకూడదు. ఆల్టర్నేటర్ బి ప్లస్ నుంచి సెల్ఫ్ దగ్గర బ్యాటరీ వైరు కలిసేచోటికి కొత్త లావు వైరు లాగండి. పాత వైరు డైనమో ఇచ్చే కరెంటుకి వేసింది. నేను 36 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌కి 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేశాను. పాత ఆంపియర్ మీటర్ 30 దాకానే కొలిచేది అయితే చార్జింగ్ అంతా దాని గుండా పంపొద్దు. దాని బదులు చిన్న వోల్ట్ మీటర్ నయం. బండి నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య చూపిస్తే బ్యాటరీ సుఖంగా ఉన్నట్టు.

చార్జింగ్ బల్బుని తీసేయొద్దు. సన్న వైరులో ఉండే ఆ 2.2 వాట్ల బల్బు గుండా వచ్చే కొంచెం కరెంటే ఆల్టర్నేటర్‌ని నిద్రలేపుతుంది. బల్బు మాడిపోయిందని వదిలేస్తే కొత్త ఆల్టర్నేటర్ కూడా చార్జింగ్ అందుకోదు, మనం దాన్ని షాపుకి తీసుకెళ్ళి తిరిగి తెచ్చుకుంటాం. నడుస్తున్న బండికి బ్యాటరీ వైరు పీకడం డైనమో రోజుల్లో చెల్లింది, ఇప్పుడు చెల్లదు. బండికి వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండిటి వైర్లూ విప్పాల్సిందే.

అంతా అయ్యాక పరీక్ష. చాక్‌పీసు గుర్తులు కాదు, లేజర్‌తోనే. ఇప్పుడు నేనూ ఒకటి కొనుక్కున్నాను, ఊళ్ళో ఎవరు అడిగినా ఇస్తాను. బండి ఆపి ముందు పుల్లీకి, పీటీవో షాఫ్ట్‌కి స్టిక్కర్ ముక్కలు అంటించండి. స్టార్ట్ చేసి ఐడిల్, 1000, 1500 మూడు చోట్ల మీటర్ అంకెని, లేజర్ అంకెని పక్కపక్కన రాసుకోండి. లుంగీ, మెడలో తువ్వాలు వేసుకుని పీటీవో దగ్గరికి పోవద్దు, వీడియోలో నేను ప్యాంటు వేసుకున్నది షోకుకి కాదు. మూడు చోట్లా తేడా ఒకే పాళ్ళలో ఉంటే పుల్లీ లెక్క తప్పు. ఒకచోట బాగుండి రేస్ పెరిగే కొద్దీ ముల్లు వెనకబడితే బెల్టు వదులు. ముల్లు వణికితే కేబుల్ లోపల గ్రీజు ఎండిపోయింది, లేదా ఎక్కడో మరీ ఇరుకుగా వంగింది.

మా బండికి 100 మిల్లీమీటర్ల పుల్లీ వేశాక మీటర్ 1500 అన్నప్పుడు లేజర్‌లో పీటీవో 536 వచ్చింది. అదే ష్రెడ్డర్, అవే కత్తులు. బాబాయ్ చేలో అదే రెండెకరాలు పొద్దున మొదలుపెట్టి మర్నాడు మధ్యాహ్నానికి అయిపోయింది. ముక్కలు వేలెడంత, తెల్లగా తెగి పడ్డాయి. క్రితం ఏడాది అగ్గిపెట్టిన ముగ్గురిలో ఇద్దరు గట్టు మీద నిలబడి చూశారు. ఒకాయన ముక్క చేతిలోకి తీసుకుని విరిచి, "మా చేలోకి ఎప్పుడొస్తావు?" అని అడిగాడు.